ఆరో కారు

మా అత్త కొలబద్దని నమ్మేది కాదు, టేపుని నమ్మేది కాదు, ఎదుటివాళ్లు కొలిచి చెప్పిన దేన్నీ నమ్మేది కాదు. తన కాళ్లని మాత్రం నమ్మింది. చివరికి ఆవిడని ముంచింది ఆ కాళ్లే. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆవిడకి రెండేళ్లు పట్టింది. ఈలోగా మా నాన్న ప్రాణం మీదికి వచ్చింది.

అత్త అంటే నాన్నకి అక్క, ఏడేళ్లు పెద్ద. నాన్న ఊరూరా తిరిగే కార్ల షోలో డ్రైవరు. మాకు నడిచే కార్లు నాలుగు, నడవని కార్లు ఆరు, లారీలు రెండు, మనుషులం పదకొండు మందిమి. ఎగ్జిబిషన్ మైదానాల్లో, రేసు ట్రాకుల్లో షో వేసేవాళ్లం. రెండు చక్రాల మీద కారు పక్కకి వాలి మైదానం అంతా చుట్టి రావడం, రెండు కార్లు ఎదురెదురుగా దూసుకొచ్చి వెంట్రుకవాసిలో తప్పుకోవడం, ఇలాంటివన్నీ ఉండేవి. ఆఖర్న నాన్న దూకుడు. ఆ నడవని ఆరు కార్లని పక్కపక్కన నిలబెడితే, ఇవతల ఎక్కుడు పలక మీంచి లేచి, ఆరింటినీ దాటి, అవతల దిగుడు పలక మీద పడాలి.

మైకు నాది. చిన్నప్పట్నుంచీ నాకు నోరెక్కువ. ఇంట్లో ఏ నోటికి తిట్లు పడేవో షోలో ఆ నోటికే జీతం ఇచ్చారు. అమ్మ టికెట్లు చింపేది. అమ్మ ఆ దూకుడు ఒక్కసారి కూడా చూడలేదు. నేను మైకులో "ఇప్పుడు!" అనగానే వెనక్కి తిరిగి, లారీ దగ్గరికి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది.

షోలోకి రాకముందు అత్త ఓ బట్టల కొట్టులో గుడ్డ కొలిచి కత్తిరించేది. కొట్టువాడి ఇనుప బద్ద కన్నా తన చెయ్యే నయం అనేది. ఒకరోజు పదిమంది ముందు "ఈ బద్ద రెండు వేళ్లు పొట్టి" అనేసింది. బద్ద నిజంగానే పొట్టిదట. ఉద్యోగం మాత్రం ఈవిడది పోయింది. అదే వారం నాన్న భుజం ఎముక విరిగి మంచం పట్టాడని తెలిసి చూడ్డానికి వచ్చింది. దిగుడు పలకని ఎవడో కంటి అంచనాతో పెట్టేశాడు, కారు పలక చివర్న పడి పల్టీ కొట్టింది.

"పలక పెట్టినవాడు నువ్వు దూకేటప్పుడు ఎక్కడున్నాడు?" అని అడిగింది అత్త.

"టీ తాగుతున్నాడక్కా."

"అదీ సంగతి. రేపట్నుంచి నేను పెడతాను. టీ కూడా నేనే తాగుతాను, ఆ పలక కింద కూర్చుని."

అందరూ మాట వరసకి అందనుకున్నారు. దిగుడు పలక కింద గుంజలు పాతి ఉంటాయి, వాటి మధ్య ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉంటుంది. అత్త అక్కడ ఓ బకెట్ బోర్లించి, టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. నెత్తి మీద జానెడు ఎత్తులో కారు పడింది. గ్లాసులో దుమ్ము పడిందని విసుక్కుంటూ బయటికొచ్చింది. ఆ రోజునుంచి మా షోలో అది చట్టం: పెట్టినవాళ్లే కింద. పద్దెనిమిదేళ్లు ఆవిడ ఆ బకెట్ మీదే కూర్చుంది.

ఆవిడ కొలత చూడ్డానికి తమాషాగా ఉండేది. ముందు పరుగు దారంతా నడిచి, మడమతో నేలని నొక్కి చూసేది. తర్వాత ఎక్కుడు పలక అంచు దగ్గర నిలబడి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, పెదాలు కదుపుతూ అంగలు వేసేది. ఇరవై రెండు. ఇరవై రెండో అంగ ఎక్కడ పడితే అక్కడ దిగుడు పలక. అందుకే షోలో అందరూ ఆవిడని అంగలక్క అనేవాళ్లు. నాన్న కారులో స్పీడు చూపించే ముల్లు నేను పుట్టకముందే చచ్చిపోయింది. దారి పక్కన పసుపు డ్రమ్ము ఒకటి ఉండేది. అక్కడికి రాగానే మూడో గేరు వేసేవాడు, ఇంజను ఒక పాట అందుకునేది, అంతే. ఆయన స్పీడెంతో ఆయనకి తెలీదు, ఈవిడ దూరమెంతో ఈవిడకి తెలీదు. రెండూ మాత్రం చక్కగా సరిపోయేవి. ఇప్పటివాళ్లకి ఇది చెబితే నవ్వుతారు. నవ్వనీ, వాళ్ల తమ్ముడెవడూ గాల్లో లేడుగా.

మొదట అనుమానం వచ్చింది నట్టు బాబాయికి. ఆయన మా మెకానిక్కు, జేబుల్నిండా నట్లూ బోల్టులే, నడిస్తే గలగలమనేవాడు. ఆరు కార్లని మధ్యలో పెట్టడం ఆయన పని. ఒకప్పుడు కారుకీ కారుకీ మధ్య మనిషి దూరేంత సందు ఉండేది. రానురాను సందు తగ్గింది. ఆయన ఎవరికీ చెప్పకుండా కార్ల పక్క అద్దాలు పీకేశాడు. ఆ తర్వాత తలుపుల పిడులు పీకేశాడు. ఆ పైన పీకడానికి ఏమీ మిగల్లేదు. ఒక సాయంత్రం షో మొదలవబోతుంటే నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ఆరోది పట్టట్లేదు" అన్నాడు.

"పట్టకపోవడమేంటి బాబాయ్? కార్లేమైనా లావెక్కాయా?"

"ఏమో. నన్నడక్కు. మీ అత్తనడిగే ధైర్యం నాకు లేదు, నీకుంటే అడుగు."

నాకూ లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం మా అత్త. అయిదు కార్లతోనే షో మొదలైంది. నేను అలవాటు చొప్పున "ఆరు కార్లు! ఆరంటే ఆరు!" అని అరిచాను. జనంలోంచి ఎవరో లేచి, "లెక్క రాదా తల్లీ, అయిదే ఉన్నాయి" అన్నాడు.

"ఆరోది మా నాన్న నడుపుతున్నాడు!" అన్నాను.

జనం పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క ముక్కతో సగం సీజను లాగించేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కానీ, కారు ఎందుకు పట్టట్లేదని ఆలోచించలేదు. ఆలోచించడం ఇష్టంలేక నవ్వించాను. తిలా పాపం తలా పిడికెడు.

ఆ జోకుకి నవ్వని మనిషి ఒకాయన తగిలాడు. పెద్ద రేసు ట్రాకు మేనేజరు. సన్నగా, తెల్ల చొక్కాలో, చేతిలో టేపుతో వచ్చాడు. "మీ పోస్టరు మీద ఆరు కార్లుంది. నా ట్రాకులో ఆరు ఉండాలి, వాటి మధ్య ఖాళీ ఉండాలి, ఆ దూరం నేనే కొలుస్తాను. మీరు కాదంటే వేరే షోవాళ్లు ఉన్నారు. మూడు రోజులు టైమిస్తున్నాను" అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. అలాంటివాళ్లతో నా నోరు పనిచెయ్యదు.

ఆ మధ్యాహ్నం అత్త లేనప్పుడు లారీలో ఆవిడ బూట్లు కనబడ్డాయి. ఎడమ బూటు అడుగు అరిగి అట్టముక్కలా అయిపోయింది. కుడిది నిన్న కొన్నట్టుంది. మడత మంచం కింద మోకాలి మందు సీసాలు, ఖాళీవి, ఏడో ఎనిమిదో. లెక్క ఇరవై రెండే. అంగే చిన్నదైపోయింది. కుడికాలి మీద బరువు మోపకుండా, ఎవరికీ కనబడనీయకుండా, నెలకింత చొప్పున రెండేళ్లుగా దిగుడు పలకని ఎక్కుడు పలక దగ్గరికి జరుపుకుంటూ వచ్చింది.

మరి నాన్న పాత స్పీడుతోనే వస్తే పలక దాటి అవతల పడాలి కదా? పడలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. చాలా రోజులుగా పసుపు డ్రమ్ము దగ్గర ఆ పాట వినబడట్లేదు. నాన్న మూడో గేరు వెయ్యడం మానేశాడు.

అంటే రేపు ఆరు కార్లూ పెట్టి, పలకని సరైన దూరంలో పెడితే, ఈ స్పీడుతో ఆయన అవతలికి చేరడు. ఆరో కారు మీద పడతాడు. కింద బకెట్ మీద అత్త ఉంటుంది.

ఇద్దర్నీ లారీ వెనక కూర్చోబెట్టాను. బూట్లు తెచ్చి మధ్యలో పెట్టాను. నాన్న వాటిని చూసి, దొంగకి తేలు కుట్టినట్టు ఉండిపోయాడు.

"నాన్నా, నీకు ముందే తెలుసు" అన్నాను.

ఆయన నేల చూపులు చూస్తూ, "ఓసారి పలక చివర్న పడ్డానమ్మా, తృటిలో తప్పింది. దిగి చూస్తే పలక దగ్గరగా ఉంది. అక్క నడక చూశాను. ఏం చెప్పమంటావు? నీ కాలు పోయింది, నువ్వింక కూర్చో అననా? కాస్త నెమ్మదిగా వస్తే పోలేదా అనుకున్నాను" అన్నాడు.

అత్త మొహం చూడాలి అప్పుడు. "ఒరే, నువ్వు నా కోసం తగ్గావా? నీకు భయం పట్టుకుందనుకున్నాన్రా! కింద కూర్చుని వింటూనే ఉన్నాను, బండి నీరసంగా వస్తోంది. యాభై దాటాయి, పిల్లాడికి ధైర్యం సడలింది, పైకి చెప్పుకోలేడు పాపం అని నేనే ఇంకో అంగ తగ్గించాను. ఇరవై ఒకటి వేసి ఇరవై రెండన్నాను."

"ఇంకా దగ్గరగా పెడుతున్నావని నేను ఇంకా తగ్గాను."

"నువ్వు తగ్గుతున్నావని నేను ఇంకా దగ్గరికి జరిపాను."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంకో రెండేళ్లు ఆగితే ఒక్క స్కూటరు మీంచి దూకేవాళ్లేమో. అత్త మాత్రం నవ్వలేదు. ఎడమ బూటు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "బద్ద పొట్టిదని ఆ కొట్టువాణ్ని పదిమందిలో కడిగేశాను. వాడికీ తెలిసుండదు. ఇప్పుడు నా కాలే ఆ బద్ద అయ్యింది" అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే, చూసి తట్టుకోలేకపోయాను.

మానేద్దామని నేనన్నాను. నాన్న కూడా తలూపాడు. అత్త ముక్కు తుడుచుకుని, "మానేస్తే మానేద్దాం, నాకేం బాధలేదు. కానీ అబద్ధం మీద మానకూడదు. నీకు భయమా, చెప్పు. భయమైతే ఇప్పుడే లారీ ఎత్తేద్దాం" అంది.

"భయం లేదక్కా. కానీ పాత స్పీడు ఏదో మర్చిపోయాను. ఒట్టు."

"నేను మర్చిపోలేదు. పద్దెనిమిదేళ్లు నెత్తి మీదే విన్నాను."

రెండు రోజులు పలకలు లేకుండా ఉత్త దారి మీద నడిపించింది. పక్క సీట్లో కూర్చుని, నాన్న పాత హెల్మెట్‌లో కాగితాలు కూరి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేది. "ఇది కాదు... ఇదీ కాదు... ఇంకా నొక్కు... అదేంటి, అంత వద్దు!" ఇరవయ్యో ముప్ఫయ్యో సార్లు. రెండో సాయంత్రం పసుపు డ్రమ్ము దాటగానే ఒక్కసారి కళ్లు తెరిచి, నాన్న భుజం మీద కొట్టింది. "ఇదే! ఇదిరా నువ్వు!"

దూకేటప్పుడు కూడా పక్కన ఉండి చెప్పమన్నాడు నాన్న. ఆవిడ బరువుకి సరిపడా కార్లోంచి స్పేరు చక్రం, వెనక సీటూ తీసేశాడు నట్టు బాబాయి. "నేనంత బరువుంటానట్రా?" అని అత్త ఆయన్ని కోప్పడింది.

మూడో రోజు ఆరు కార్లనీ పాత సందులతోనే నిలబెట్టాక, మేనేజరు టేపుతో కొలిచి గీత గీశాడు. అత్త ఆ గీత వంక చూడను కూడా చూడలేదు. నన్ను పిలిచింది.

"ఏమే, నీ కాళ్లు బాగానే ఉన్నాయిగా? నువ్వు వెయ్యి."

"టేపుతో కొలిచాడు కదత్తా?"

"టేపువాడు పలక కింద కూర్చుంటాడేమో అడిగి రా."

మేనేజరు వినీ విననట్టు చొక్కా మడతలు సరిచేసుకున్నాడు. నేను అంగలు వేశాను. ఆవిడ పాత ఇరవై రెండుకి నావి ఇరవై అని ఎప్పుడో ఆవిడ వెనక నడిచి చూసుకున్నాను. టేపు గీత దగ్గరే పడ్డాను. "సరిపోయింది" అని అరిచి, మైకు దగ్గరికి వెళ్లబోయాను.

"మైకు దగ్గరికి ఎక్కడికి? పెట్టింది నువ్వు. బకెట్ అక్కడుంది" అంది అత్త.

నాన్న కారు దిగొచ్చేశాడు. "అక్కా, నా కూతురు! వద్దు!" అన్నాడు. నాకైతే చచ్చేంత భయం వేసింది, దాచుకోవడం ఎందుకు.

"నేను కింద కూర్చున్నప్పుడు వద్దనలేదే? నేను నీ అక్కని కానా?" అంది అత్త నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగి, "బలవంతం లేదు. నువ్వు వద్దంటే దూకుడు లేదు, ఇంటికి పోదాం. ఒక్కటే అడుగుతాను. ఆ కింద కూర్చోవాలని ముందే తెలిస్తే ఇలాగే వేసేదానివా అంగలు?" అంది.

వెనక్కి వెళ్లి, ఎక్కుడు పలక అంచుకి మడమ ఆనించి, ఈసారి నేల చూసుకుంటూ, ఒక్కో అంగా వేసి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. నాలుగు వేళ్లు తేడా వచ్చింది. మొదటిసారి నేను మైకు ధ్యాసలో పడి, తొలి అంగ అంచు మీంచి కాకుండా కాస్త ఇవతల, మేనేజరు టేపు పట్టిన చోటి నుంచి వేశాను. మేనేజరుని పిలిచి మళ్లీ కొలిపించాను. ఆయన టేపు కూడా అంచుకి ఆనలేదు, మట్టిలో గుచ్చిన మేకుకి తగులుకుని ఉంది. అవే నాలుగు వేళ్లు. పలక జరిపించాను. అప్పుడు వెళ్లి బకెట్ మీద కూర్చున్నాను. అత్త తన టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

మైకు ఖాళీగా ఉంది. జనం గోల చేస్తున్నారు. అప్పుడు స్పీకర్లోంచి ఒక గొంతు వినబడింది, సన్నగా, తడబడుతూ. అమ్మది. పద్దెనిమిదేళ్లు ఇటు తల తిప్పని మనిషి.

"ఆరు కార్లు" అంది అమ్మ. కాసేపు ఆగింది. "లెక్కపెట్టుకోండి." మళ్లీ ఆగింది. "మావాళ్లు వస్తున్నారు."

అంతే. నా జన్మలో అంత మంచి మాటలు నేను మైకులో చెప్పలేదు.

కింద కూర్చుంటే ఏమీ కనబడదు. వినబడుతుంది. దూరంగా ఇంజను కదిలింది. రెండో గేరు. దగ్గరవుతోంది. మూడో గేరు పడింది. నేను పుట్టినప్పట్నుంచీ విన్న పాట అది, రెండేళ్లుగా పోగొట్టుకున్నాను. ఎక్కుడు పలక ధనధనమంది. ఆ తర్వాత చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో నేను చెప్పలేను, నాకు మాత్రం చాలా పొడుగు. అత్త దాన్ని ఇన్నేళ్లు రోజూ మోసింది. మోసి, బయటికొచ్చి టీలో దుమ్ము పడిందని విసుక్కుంది. ఆ విసుగు ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది.

నెత్తి మీద పిడుగు పడినట్టు పడింది కారు. దిగుడు పలకలో రెండో చెక్క మీద. గుంజలు మూలిగాయి, కళ్లలో మట్టి పడింది, టీ అంతా ఒలికిపోయింది. బయటికి వచ్చేసరికి నాన్న స్టీరింగు మీద తలపెట్టుకుని ఉన్నాడు. అత్త హెల్మెట్ కళ్లమీదికి జారిపోయి ఉంది. దాని కిందనుంచే, "మూడో చెక్క మీద పడాలిరా, తొందరెందుకు!" అని కసురుతోంది. అమ్మ మైకు ఆపడం మర్చిపోయింది. ఆవిడ ఏడుపు మైదానం అంతా వినబడింది.

ఆ సీజను పూర్తయ్యాక దూకుడు మానేశాం. ఆరు కార్ల మీంచే మానేశాం.

అవన్నీ జరిగి చాలా ఏళ్లయింది. నాన్నా అమ్మా లేరు. షో కార్లన్నీ తుక్కులోకి పోయాయి. అత్త నా దగ్గరే ఉంటోంది, ఇద్దరం రెండు గదుల ఇంట్లో. ఎనభై దాటాయి. మంచం దగ్గర్నుంచి వీధి తలుపు దాకా రోజూ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని నడుస్తుంది. పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంది. పోయిన ఏడు పద్దెనిమిది అంగలు. ఈ ఏడు ముప్ఫయ్యొకటి.

మొన్న నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. నా కాళ్ల వంక చూసింది. ఆవిడతో సమానంగా పడాలని, ఆవిడకి తెలియకుండా, నేను చిన్న చిన్న అడుగులు వేస్తున్నాను.

"నువ్వూ మొదలుపెట్టావా?" అంది.

"ఏం మొదలుపెట్టానత్తా?" అన్నాను.

"నా లెక్క నాకు తెలుసు. నీ అంగ నువ్వు వెయ్యి" అని, నా చెయ్యి వదలకుండానే, నన్ను ముందుకి తోసింది.